ఐటీఐ చదివినా ఫ్యాక్టరీలో మళ్లీ మొదటినుంచి ఎందుకు నేర్పుతారు?

శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీలకు వెళ్లే తిరుపతి పిల్లలకు ఎదురయ్యే ప్రశ్నే ఇది. లోపం కొంత యంత్రాలది. ఫిట్టర్ ట్రేడ్‌లో ఆకురాయితో ఇనుపముక్కను చదును చేసి, మూలమట్టంతో సరిచూడటం నేర్పుతారు. వృథా విద్యేమీ కాదు, చేతికి కొలత పట్టుబడుతుంది. కానీ ఫ్యాక్టరీలో ఎదురయ్యేది కంప్యూటర్‌తో నడిచే లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం. దాన్ని ప్రతి ఐటీఐలోనూ పెట్టడం ఏ ప్రభుత్వానికైనా భారమే.

మిగతా లోపం బడిది. దశాంశాలు రాని పిల్లవాడు సన్నని కొలతలు తీసే వెర్నియర్ క్యాలిపర్‌ను పట్టుకోగలడు గానీ, దాని మీది కొలత చదవలేడు. నా దృష్టిలో ఇదే పెద్దది, దీని గురించే ఎవరూ మాట్లాడరు.

జర్మనీలో పని నేర్చుకునేవాళ్లకు వారంలో కొన్ని రోజులు బడి, మిగతావి కంపెనీ. మనకూ కంపెనీలో పని చేస్తూ నేర్చుకునేవాళ్ల కోసం 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది, స్టైపెండ్ తప్పనిసరి. అప్రెంటిస్‌గా చేరేముందు ఏ యంత్రం మీద నేర్పుతారో, చివర సర్టిఫికెట్ ఇస్తారో లేదో అడగండి. నీళ్లు నమిలితే మరోచోట చూసుకోండి.