‘ఆర్ల్ మహిళ’ గురించి మళ్ళీ రాసే ముందు

చిరంజీవికి,

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్ళో వాన్ గో వేసిన ‘ఆర్ల్ మహిళ’ మీద నీ వ్యాసం చదివాను. ‘ఆలోచనల్లో మునిగింది’, ‘చూపుల్లో విషాదం’, ‘శూన్యంలోకి చూస్తోంది’... చెంపకు చెయ్యి ఆనించుకున్న ఏ బొమ్మకైనా అతికే మాటలివి. ముందు వాటిని కొట్టెయ్.

ఆ ఒక్క మహిళనే అతను చాలాసార్లు వేశాడు, నువ్వు చూసింది ఏ చిత్రమో తేల్చుకో. బల్ల మీద గొడుగు, చేతి తొడుగులు ఉంటే అది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంది, 1888 నవంబరులో వేసింది. పుస్తకాలుంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంది కావచ్చు, 1890లో ఆర్ల్ దగ్గరి సాఁ-రెమీ ఊళ్ళో వేసిన వాటిలో ఒకటైనా కావచ్చు. నువ్వు పుస్తకాల్ని వర్ణించి పారిస్ పేరు పెట్టావు.

ఇక రంగులు. అసలు పని ఇక్కడే. వాన్ గో తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో లెక్క అప్పజెప్పాడు: వెనక లేత నిమ్మపసుపు, ముఖం బూడిదరంగు, బట్టలు నలుపు (అదీ ఏమీ కలపని ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం), ఆకుపచ్చ బల్ల, నారింజరంగు చెక్క కుర్చీ. గంటలో ముగించానన్నాడు. ఆమె ముఖంలో నీకు కనిపించిన దిగులులో సగం ఆ బూడిదరంగు చలవే. వెనక పసుపులో నీడ లేదు, గది మూల లేదు, లోతు లేదు. దాని మీద ముదురు బట్టల అంచు కత్తిరించి అతికించినంత పదునుగా నిలబడింది. నీడల్లేని చదును రంగులు, పదునైన అంచులుండే జపాన్ చెక్క అచ్చు బొమ్మల్ని అతను ఇష్టంగా పోగుచేసుకున్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఇంతా రాస్తే ‘ఒంటరితనం’ అన్న మాట వాడాల్సిన అవసరమే రాదు.

పారిస్ చిత్రం గోనెగుడ్డ మీద వేసింది. అతని తోటి చిత్రకారుడు గోగాఁ ఆర్ల్‌కి వచ్చాక 20 మీటర్ల గోనెగుడ్డ కొన్నాడు. ముతక నేత రంగును పీల్చేస్తుంది, సన్నగీత సాఫీగా సాగదు. వెడల్పైన రంగు పలకలు కనిపించడానికి తొందర ఒక్కటే కారణం కాదు.

చూపు సంగతి. కూర్చున్నది మారీ జీనూ, స్టేషన్ దగ్గరి కెఫే యజమాని భార్య. అదే సమయంలో గోగాఁ ఆమెను దాదాపు ఎదురుగా కూర్చుని బొగ్గుతో గీశాడు. వాన్ గో పక్కనుంచి చూస్తున్నాడు. నువ్వు శూన్యమన్న వైపు ఇంకో చిత్రకారుడున్నాడన్నమాట!

ఫోన్‌లో చూసి రంగు పేరు రాయకు, వెలుతురు పెంచితే నిమ్మపసుపు కాస్తా పసుపుకొమ్ము అయిపోతుంది. మ్యూజియం వాళ్ళ పెద్ద బొమ్మను కంప్యూటర్‌లో తెరిచి, పది నిమిషాలు పెన్సిల్‌తో నువ్వే గీసి చూడు. మోచెయ్యి బల్ల మీద ఎక్కడ ఆనిందో అప్పుడు తెలుస్తుంది. రెండు పేజీలు దాటకుండా రాసి పంపు.