యాభై వేలలో గేమింగ్ కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విడిభాగాలు ఎంచుకొని గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్న వారి ఉత్తరాలు ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎక్కువగా వచ్చాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను కావలిలో డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. మానిటర్‌తో కలిపి యాభై వేల రూపాయల దాకా సర్దుకోగలను. ఒక దుకాణంలో ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్ల కేబినెట్, మానిటర్ అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలకే ఇస్తామన్నారు. ప్రస్తుతం వాలరెంట్, జీటీఏ 5 ఆడతాను. కొత్త ఆటలు కూడా ఆడాలని ఉంది. దీన్ని తీసుకోమంటారా? (ఒక విద్యార్థి, కావలి)

జవాబు: తీసుకోవద్దు. పన్నెండు వేలు మిగులుతాయని అనిపించినా, మీరు కోరుకున్న పనికి ఆ ముప్పై ఎనిమిది వేలూ ఉపయోగపడవు.

ముందుగా ప్రాసెసర్ సంగతి చూద్దాం. కొటేషన్‌లో ఐ7 అని మాత్రమే రాసి, దాని పక్కన ఉండవలసిన నాలుగైదు అంకెల నంబరు రాయలేదంటే, ఆ నంబరే అడిగి రాయించుకోండి. ఈ ధరకు ఇచ్చే ఐ7 అంటే 2011లో విడుదలైన ఐ7-2600 గానీ, దాని తర్వాతి ఒకటి రెండు తరాలది గానీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. దానిలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు) ఉంటాయి. 2022 ఆరంభంలో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ సరిగ్గా అన్నే ఉంటాయి గానీ, ఒక్కో కోరు చేసే పనిలో మాత్రం రెండింటికీ పోలికే లేదు. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ రక్షణ వ్యవస్థ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) రెండూ ఉంటేనే ఆటను తెరవనిస్తుంది. ఏదో ఒక దారిలో ఆ పాత బోర్డు మీద విండోస్ 11 ఎక్కించినా, మీరు రోజూ ఆడే ఆట దగ్గరే ఆగిపోవలసి వస్తుంది.

ఇక జీటీ 730 అనేది 2014 నాటి కార్డు. తెర మీద బొమ్మ రావడానికి, వీడియోలు చూడటానికి సరిపోతుంది తప్ప అది ఆటల కోసం చేసింది కాదు. కొటేషన్‌లో 4 జీబీ అని కనిపించగానే అది శక్తిగల కార్డు అనుకోకండి. దానిలో సాధారణంగా వాడేది నెమ్మదైన డీడీఆర్3 మెమరీ. బొమ్మను గీయవలసిన చిప్పే బలహీనమైనప్పుడు మెమరీ ఎంత పెంచినా ఫ్రేములు (తెర మీద వెంటవెంటనే మారే బొమ్మలు) పెరగవు. ఈ రోజుల్లో కొన్ని ప్రాసెసర్ల లోపలే ఉండే గ్రాఫిక్స్ కూడా దానికంటే బాగా పనిచేస్తుంది.

ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్నది అన్నిటికంటే ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే ఆధారపడుతుంది కాబట్టి, ఎంపిక అక్కడి నుంచే మొదలుపెట్టండి. మానిటర్ ధర పక్కన పెట్టి, మిగిలిన దానిలో సగానికి దగ్గరగా ఆ ఒక్క భాగానికే కేటాయించడం న్యాయం. 1920 బై 1080 తెర మీద ఆడేవారికి మీ బడ్జెట్‌లో నేను ముందుగా చెప్పే పేరు 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600. 2021లో వచ్చిన ఈ కార్డు సుమారు 132 వాట్లతో పనిచేస్తుంది కనుక ఖరీదైన ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌లోని భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె) అడగదు. ఆర్‌టీఎక్స్ 3050 చూపిస్తే అది 8 జీబీదా, 6 జీబీదా అని తప్పక అడగండి. 2024లో వచ్చిన 6 జీబీ రకానికి పేరు అదే పెట్టారు గానీ, కోర్ల సంఖ్యా తగ్గించారు, మెమరీ దారినీ 128 బిట్ల నుంచి 96 బిట్లకు కుదించారు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి వెళ్లవద్దు. దాని మామూలు రకంలో 4 జీబీ మెమరీ మాత్రమే ఉంటుంది, వీడియోను రికార్డు చేయడానికి కావలసిన ఎన్‌కోడర్ కూడా దానిలో లేదు.

దీనికి జోడీగా ఐ3-12100ఎఫ్, హెచ్610 బోర్డు సరిపోతాయి. మరికొంత సర్దుకోగలిగితే ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్ గానీ, రైజెన్ 5 5600 గానీ తీసుకోండి. ఇప్పుడు ఐ3తో మొదలుపెట్టినా, అదే సాకెట్‌లో 13, 14 తరాల ప్రాసెసర్లు కూడా కూర్చుంటాయి కాబట్టి తర్వాత మార్చుకునే వీలుంటుంది. అందుకు బోర్డు బయాస్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌ను) అప్‌డేట్ చేయించవలసి రావచ్చు. ఇంటెల్ నంబరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం కాబట్టి, మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. కొత్త సిస్టమ్‌లో డిస్‌ప్లే రావడం లేదని కంగారుపడే వారిలో చాలామంది దగ్గర జరిగేది ఈ చిన్న పొరపాటే.

ర్యామ్ దగ్గర మాత్రం ఇప్పుడు కాలం బాగా లేదు. మెమరీ తయారీ సంస్థలు కృత్రిమ మేధ డేటా కేంద్రాలకు కావలసిన చిప్పుల వైపు మళ్లడంతో 2025 చివరి నుంచి ధరలు బాగా ఎగబాకాయి. అయినా 16 జీబీకి తగ్గవద్దు. దాన్ని ఒకే ముక్కగా కాక 8 జీబీవి రెండు తీసుకుంటే రెండు ఛానళ్లూ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు) పనిచేసి వేగం పెరుగుతుంది. మీ వాళ్ల ఇళ్లలో ఎవరిదైనా పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని వాడుకోవడానికి సంకోచించకండి. అప్పుడు బోర్డు కూడా డీడీఆర్4 రకమే చూసుకోవాలి. బిగించిన తర్వాత బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 అని రాసి ఉన్న ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడవవచ్చు.

లెక్క యాభై వేలు దాటితే కోయవలసినవి కేబినెట్ లైట్లు, ఎస్‌ఎస్‌డీ సైజు. కొంతకాలం ఇంట్లో ఉన్న టీవీనే మానిటర్‌గా వాడుకున్నా తప్పులేదు. గ్రాఫిక్స్ కార్డునూ ఎస్‌ఎంపీఎస్‌నూ మాత్రం కోయకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. మానిటర్ మా దగ్గర ఉంది. మిగతా వాటికి ముప్పై వేలకు మించి పెట్టలేము. ముందు గ్రాఫిక్స్ కార్డు లేకుండా సిస్టమ్ తీసుకొని, ఏడాది తర్వాత కార్డు వేయించుకుంటానంటున్నాడు. అలా కుదురుతుందా, లేక తర్వాత అన్నీ మార్చవలసి వస్తుందా? (ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: కుదురుతుందమ్మా. మీ అబ్బాయి ఆలోచన సరైనదే. అందుకు తగిన ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. 2021లో వచ్చిన దీనిలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉంటాయి. లోపలే ఉన్న వేగా గ్రాఫిక్స్‌తో వాలరెంట్ వంటి తేలికైన ఆటలు హాయిగా నడుస్తాయి. జీటీఏ 5 కూడా సెట్టింగులు తగ్గించుకుంటే ఆడవచ్చు. కొత్త భారీ ఆటలకు మాత్రం కార్డు వచ్చేదాకా ఆగవలసిందే. చదువుకు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఈ సిస్టమ్ చాలా ఏళ్లు పనికొస్తుంది.

ఇక్కడ రెండు ర్యామ్ ముక్కలు వేయడం మరీ ముఖ్యం. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు కాబట్టి అది ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒకటే ముక్క ఉంటే దాని దారి సగానికి ఇరుకై, ఆటలో ఫ్రేములు బాగా పడిపోతాయి. ఎస్‌ఎంపీఎస్‌ను ఇప్పుడే మంచి కంపెనీది 550 వాట్లది తీసుకుంటే ఏడాది తర్వాత దాన్ని మార్చే ఖర్చు తప్పుతుంది.

ఒక పరిమితి ముందే తెలుసుకోవాలి. 5600జీ పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే దారి) 3.0 వరకే పనిచేస్తుంది, దాని కాషె మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) కూడా 5600లో ఉన్న 32 ఎంబీకి బదులు 16 ఎంబీనే. అందువల్ల తర్వాత వేసే కార్డు ఆర్‌ఎక్స్ 6600 లాంటిదైతే నష్టం స్వల్పంగానే ఉంటుంది. ఆ పీసీఐఈ దారిలో నాలుగు లేన్లతో (వరుసలతో) మాత్రమే పనిచేసే 6500 ఎక్స్‌టీ లాంటిదైతే నష్టం ఆటలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కార్డు కొనే రోజున మీ అబ్బాయి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ప్రశ్న: ఏడాది క్రితం గేమింగ్ సిస్టమ్ కట్టించుకున్నాను. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోంది. కేబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంది. ఇంటికంతటికీ ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ పెట్టలేదు. దుకాణం వారు గ్రాఫిక్స్ కార్డు పోయిందంటున్నారు. (ఒక ఉద్యోగి, నెల్లూరు)

జవాబు: కార్డు పోయిందని ఇప్పుడే తేల్చుకోకండి. కొత్త కార్డు మీద డబ్బు పెట్టే ముందు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి.

కేబినెట్‌తో కలిపి వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నా అది నిజంగా అంత శక్తి ఇస్తుందని చెప్పలేం. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి పన్నెండుతో హెచ్చించండి. ఇప్పటి ప్రాసెసర్లూ గ్రాఫిక్స్ కార్డులూ ప్రధానంగా ఆ 12 వోల్టుల లైను నుంచే విద్యుత్తు తీసుకుంటాయి. 36 ఆంపియర్లు ఉంటే 432 వాట్లు వస్తాయి, అది 450 అన్న మాటకు దగ్గరగా ఉంది. 16 ఆంపియర్లు మాత్రమే ఉంటే 192 వాట్లే. 132 వాట్ల కార్డు, పూర్తి పనిలో 88 వాట్ల దాకా లాగే ప్రాసెసర్ కలిస్తేనే 220 అవుతుంది, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు దాని పైన. వేడి పెరిగే కొద్దీ నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగినది ఇంకా తగ్గుతుంది. చలికాలమంతా ఎలాగో నెట్టుకొచ్చినది మే నెలలో చేతులెత్తేయడానికి కారణం ఇదే కావచ్చు. ఇలాంటిది కాలిపోయేటప్పుడు తనతో పాటు బోర్డునూ కార్డునూ కూడా తీసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ భాగం విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండో అనుమానం వేడి. గది ఉష్ణోగ్రత ఎంత పెరిగితే లోపలి భాగాల ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో 28 డిగ్రీల గదిలో 74 డిగ్రీలున్న ప్రాసెసర్, రోహిణీ కార్తెలో 40 డిగ్రీల గదిలో 86 దాకా పోతుంది. రైజెన్ 5 5600కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు, ఇంటెల్ పన్నెండో తరానికి 100. ఆ హద్దు దగ్గరకు రాగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ముందు ఆట నెమ్మదించి, తర్వాత ఆగిపోతే వేడిని అనుమానించండి. ఏ సూచనా లేకుండా స్విచ్ ఆపినట్టు ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్‌నే ఎక్కువగా అనుమానించాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆట నడుస్తుండగా ఉష్ణోగ్రతలు నమోదు చేసి చూస్తే సంగతి తేలుతుంది. ముందు వైపంతా అద్దం మూసిన కేబినెట్ అయితే పక్క తలుపు తీసి ఒక పూట ఆడి చూడండి. అప్పుడు ఆగకపోతే మీకు కావలసింది గాలి లోపలికి లాగే ఫ్యాన్, దుమ్ము దులపడం, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు మార్చడం మాత్రమే.

ఇన్వర్టర్ సంగతి కూడా చెప్పాలి. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే లోపు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న శక్తితో సెకనులో అరవయ్యో వంతు సేపు మాత్రమే నిలబెట్టగలదు, నాసిరకానిదైతే అదీ ఉండదు. మీ ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటే దాన్ని వేయండి, అప్పుడు అది త్వరగా అందుకుంటుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద గేమింగ్ సిస్టమ్ నడపవద్దు. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ రకం సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, మానిటర్‌తో కలిపి ఆటకు 1000 వీఏ రకం నయం. సాకెట్‌కు ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సముద్రానికి దగ్గర్లో ఉండే పాఠకులు ఉప్పు గాలి కాంటాక్టులను తుప్పు పట్టిస్తుందని గుర్తుంచుకొని, సిస్టమ్‌ను సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టకుండా ఉంటే మంచిది.

ప్రశ్న: పినాకిని రైలు ఎక్కి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొంటే చవకగా వస్తుందంటున్నారు. అక్కడ సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 కూడా దొరుకుతుందట. వెళ్లమంటారా? (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: మొత్తం సిస్టమ్ ఒకేసారి కొంటున్నట్లయితే వెళ్లవచ్చు. ఒకటి రెండు భాగాల కోసమే అయితే ప్రయాణం ఖర్చు, సాయంత్రం బండి అందుకోవాలనే తొందర కలిపి ఆ లాభం మిగలదు. వెళ్లే ముందు ఆన్‌లైన్ ధరలు, ఒంగోలు దుకాణం ఇచ్చిన కొటేషన్ రెండూ కాగితం మీద రాసుకొని వెళ్లండి. తేడా వెయ్యి రెండు వేల లోపే ఉంటే ఒంగోలులోనే కొనమంటాను, ఎందుకంటే ఏదైనా భాగం చెడిపోయినప్పుడు దాన్ని సర్వీసు కేంద్రానికి పంపించి తెప్పించే మనిషి దగ్గర్లో ఉండటానికి విలువ ఉంది.

ఆర్‌ఎక్స్ 580 గురించి నా సలహా, వద్దనే. 2017 నాటి ఆ కార్డులు చాలావరకు ఇథీరియం మైనింగ్‌లో (ఆ పేరుగల క్రిప్టో కరెన్సీని కంప్యూటర్ లెక్కలతో సంపాదించే పనిలో) రాత్రింబవళ్లు నడిచినవి. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ ఆగిపోయాక అలాంటివి మార్కెట్లోకి గుట్టలుగా వచ్చాయి. వాటిలో కొన్ని 580 పేరుతో అమ్మే 2048 కోర్ల రకం. అసలు 580లో ఉండేవి 2304. ఎంత చెప్పినా కొనాలనిపిస్తే గ్రాఫిక్స్ కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి కోర్ల సంఖ్య చూడండి, అరగంట భారీ ఆట నడిపించి తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో గమనించండి. అలా పరీక్షించడానికి ఒప్పుకోని చోట కొనవద్దు.

పాతవి కొనదగ్గ భాగం ఉందంటే అది ప్రాసెసర్. అది అరుదుగా చెడిపోతుంది. ఏఎం4 సాకెట్ రైజెన్‌కు పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, ఇంటెల్‌కు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, ఒక్కటి వంగినా కనిపించేలా వెలుతురులో చూసి తీసుకోండి. పాత ఎస్‌ఎంపీఎస్, పాత హార్డ్ డిస్క్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. కొత్తవి ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. ప్రాసెసర్ విడిగా ట్రేలో కాకుండా సీలు వేసిన డబ్బాలో ఉందో లేదో చూసుకోండి, డబ్బాలో వచ్చిన దానికే కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది.