‘కన్సర్వేటివ్’ అనే మాటకు రాజకీయాల్లో, అకౌంటింగులో, వైద్యంలో ఒకే అర్థం ఉందా?

లేదు. పోగొట్టుకోకుండా కాపాడుకోవడం అనే మూలభావం ఒక్కటే అయినా, దేనిని కాపాడాలన్నది రంగాన్ని బట్టి మారుతుంది.

రాజకీయాల్లో ఇది తరతరాలుగా నిలిచిన వ్యవస్థలను ఒక్కసారిగా కూల్చరాదనే ఆలోచన. 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శించిన బ్రిటిష్ రాజకీయ ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ కూడా మార్పును పూర్తిగా కాదనలేదు. నెమ్మదిగా, అనుభవం ఆధారంగా జరగాలన్నాడు. కాబట్టి దీనిని ‘ఛాందసవాదం’ అని అనువదించడం న్యాయం కాదని నా అభిప్రాయం. తెలుగులో మరో చిక్కు ఉంది: పత్రికలు కుడిపక్షానికి వాడే ‘మితవాదం’ అనే మాటనే చరిత్ర పాఠాలు గోఖలే వంటి తొలితరం కాంగ్రెస్ నాయకుల ఉదారవాద ధోరణికి వాడతాయి.

అకౌంటింగులో ఇది సిద్ధాంతం కాదు, జాగ్రత్త. రాబోయే నష్టానికి ముందే ఏర్పాటు చేయాలి, చేతికందని లాభాన్ని మాత్రం లెక్కలో చూపకూడదు. 1,000 రూపాయలకు కొన్న సరుకుకు ఇప్పుడు 800 మాత్రమే వచ్చేలా ఉంటే నిల్వ విలువను 800గా రాస్తారు. 1,300 వచ్చేలా ఉన్నా 1,000గానే ఉంచుతారు. అప్పు ఇచ్చేవారిని, వాటాదారులను అతిశయపు లెక్కల నుంచి కాపాడేది ఈ అసమానతే.

వైద్యంలో శస్త్రచికిత్సకు పోకుండా మందులు, విశ్రాంతి, ఫిజియోథెరపీలతో నయం చేసే ప్రయత్నాన్ని ఇలా పిలుస్తారు. భౌతికశాస్త్రంలోని ‘నిత్యత్వ బలం’ (కన్సర్వేటివ్ ఫోర్స్) పూర్తిగా వేరు: గురుత్వాకర్షణ వంటి బలం చేసే పని నడిచిన దారిపై కాక, తొలి, తుది స్థానాలపైనే ఆధారపడుతుంది.