కదలని సీటు గురించి మేనల్లుడికి

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వేళచ్చేరిలో నువ్వు పని చేస్తున్న షెడ్డుకు వచ్చిన కారులో మీట నొక్కితే మోటారుతో జరిగే డ్రైవరు సీటు వెనక్కి పోతున్నది గానీ ముందుకు రావడం లేదని, మోటారు మార్చెయ్యమని యజమాని తొందరపెడుతున్నాడని నువ్వు చెప్పిన దగ్గర నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు కనుక రాస్తున్నాను. ఆ మోటారు జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక దిక్కుకు బాగా తిరిగే మోటారు రెండో దిక్కుకు తిరగనంటే తప్పు దానిలో ఉండటం చాలా అరుదు.

సాధారణమైన సీటు మోటారుకు వచ్చేవి రెండే తీగలు. మీట నొక్కనప్పుడు ఆ రెండూ స్విచ్చి లోపల ఎర్త్‌కే, అంటే బ్యాటరీ నెగటివ్ వైపుకే, కలిసి ఉంటాయి. ముందుకు నొక్కితే ఒక తీగ ఎర్త్‌ను వదిలి 12 వోల్టుల వైపు పోతుంది, రెండోది ఎర్త్ మీదే నిలుస్తుంది; వెనక్కి నొక్కినప్పుడు వాటి పనులు తారుమారవుతాయి, మోటారు ఎదురు తిరుగుతుంది. అందువల్ల నీ దగ్గరున్న కారులో వోల్టేజీ అందించే కాంటాక్టు కాలిపోయి ఉండవచ్చు, లేదా కదలకుండా ఎర్త్ మీద నిలవవలసిన రెండో కాంటాక్టు మసిబారి ఉండవచ్చు. చాలామంది మొదటిది చూసి, అక్కడ వోల్టేజీ కనబడగానే మోటారుకు మరణశాసనం రాసేస్తారు.

స్విచ్చి విప్పే ముందు మాత్రం టార్చిలైటు వేసి సీటు పట్టాల మధ్య చూడు. సీసా మూతో, రూపాయి బిళ్లో ఇరుక్కున్నా సీటు ఒక వైపే పోతుంది. మీట నొక్కి చెవి పెట్టి విను. లోపల టక్కుమని కారులోని దీపం కాస్త మసకబారితే, కరెంటు మోటారు దాకా చేరి అక్కడ ఏదో పట్టేసిందని అర్థం. ఏ చప్పుడూ లేకపోతే కరెంటే చేరలేదు. కొంతసేపు పని చేసి ఆగిపోయి, నాలుగైదు నిమిషాల తరువాత మళ్లీ కదిలితే, వేడెక్కినప్పుడు తనంతట తానే తెంచుకునే రక్షణ పరికరం పని చేస్తున్నదన్నమాట. దాన్ని తప్పించే ప్రయత్నం చేయకు. సీటు ఎందుకంత బరువుగా కదులుతున్నదో వెతుకు.

ఇక మల్టీమీటరు సంగతి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా మునిగింది మనం. ఆ నీళ్లు తగిలిన ఒక కారు కొన్ని నెలల తరువాత నా దగ్గరకు వచ్చింది. సీటు ఏ దిక్కుకూ కదలడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. మీటరు ఒక కొన స్విచ్చి కప్లర్‌లో, అంటే తీగలు కలిపే ప్లగ్గులో, రెండో కొన బాడీ బోల్టు మీద పెట్టి చూస్తే మీటరు నిండుగా వోల్టేజీ చూపించింది. స్విచ్చి పోయిందని తేల్చేసి, పాపం ఆ కారు యజమాని చేత, పాత కారు భాగాలు అమ్మే పుదుప్పేటలో పాత స్విచ్చి కొనిపించాను. అది బిగించినా సీటు కదలలేదు. చివరికి కార్పెట్ ఎత్తి చూస్తే, సీటు ఎర్త్ తీగ బిగించిన బోల్టు తుప్పు పట్టి, తీగ కొనలో రాగి పచ్చబడి పొడిగా రాలుతున్నది. నేను కొలిచింది మంచి ఎర్త్‌తో. సీటు వాడుకుంటున్నది చచ్చిన ఎర్త్‌ను. ఆ స్విచ్చి డబ్బు నేనే తిరిగి ఇచ్చుకున్నాను.

కాబట్టి లోడు లేకుండా, అంటే మోటారో బల్బో కరెంటు లాగకుండా ఉన్నప్పుడు, చూసిన వోల్టేజీని నమ్మకు. మీటరు తీసుకునే కరెంటు ఎంత తక్కువంటే, తీగలో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టుకుని, మోటారు కప్లర్ ఊడదీసి, దానికి కరెంటు తెచ్చే రెండు పిన్నులకు తగిలించి మీట నొక్కు. బల్బు రెండు దిక్కుల్లోనూ నిండుగా వెలగాలి. తరువాత కప్లర్ తిరిగి పెట్టి, ఒకరి చేత మీట నొక్కిస్తూ, స్విచ్చి ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలువు. అక్కడ వోల్టులో రెండు మూడు పదో వంతులకు మించితే అనుమానించు. ఏకంగా రెండు మూడు వోల్టులు వస్తే తప్పు ఎర్త్‌లోనే, వెతుకులాట ముగిసినట్టే. మోటారును పరీక్షించాలంటే దాని కప్లర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వు, తీగలు మార్చి రెండో దిక్కూ చూడు. సీటు వెనక బోల్టులు అందడానికి దాన్ని ముందుకు జరపడం కూడా ఇలాగే.

సీటు కింద పసుపు రంగు కప్లర్ కనబడితే మీటరు గానీ బల్బు గానీ దాని దగ్గరకు తీసుకుపోకు. అది ఎయిర్‌బ్యాగ్‌దో, సీటుబెల్టు బిగించే పరికరానిదో అయి ఉంటుంది. సీటు విప్పవలసి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగు. ఆ కప్లర్ విడిగా ఉండగా తాళంచెవి తిప్పావంటే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కారు కంప్యూటరులోని తప్పులు చదివే స్కానరు పెట్టి చెరిపేదాకా ఆరకపోవచ్చు.

తన స్థానాన్ని గుర్తుపెట్టుకునే మెమరీ ఉన్న సీట్లలో మాడ్యూల్, అంటే సీటును నడిపే చిన్న కంప్యూటరు, ఉంటుంది. సీటు కొంచెం కదిలి ఆగుతుంటే స్థానం తెలిపే సెన్సరు మీద దృష్టి పెట్టు. అలాంటివి స్కానరు లేకుండా ముట్టుకోకపోవడమే మంచిది.

బండి అప్పగించే ముందు కారు యజమానినే సీటులో కూర్చోబెట్టి అన్ని దిక్కులూ నడిపించు, ఖాళీ సీటు చాలా తప్పుల్ని దాచేస్తుంది. రేపు ఆ స్విచ్చి విప్పే ముందు ఎర్త్ వైపు మీటరు ఎంత చూపించిందో నాకు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మామయ్య