ఏజాక్స్ బొమ్మలు ఒకే కథలో ఎందుకు ఇమడడం లేదంటే

మీరు గ్రీకు పురాణాల్లో ట్రాయ్ యుద్ధం చేసిన ఇద్దరు ఏజాక్స్‌లను ఒకరే అనుకుంటున్నారు. పాత గ్రీకు కుండల మీది మూడు బొమ్మలు, అంటే తోటి వీరుడు అకిలీస్‌తో ఆట, గుళ్లో ట్రాయ్ రాకుమారి కసాండ్రాను ఈడ్చడం, కత్తితో ఆత్మహత్య, ఒకే వీరుడి కథలో ఎలా ఇముడుతాయని అడిగారు. ఇమడవు.

1. ముందు తండ్రి పేరు చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. టెలమోన్ కొడుకైతే పెద్ద ఏజాక్స్, మీరు వెతుకుతున్న విషాద వీరుడు. ఓయిలియస్ కొడుకైతే చిన్నవాడు.

2. ఎథీనా దేవత విగ్రహాన్ని పట్టుకుని కసాండ్రా ఉంటే అది చిన్నవాడి బొమ్మ. పక్కన పెట్టేయండి.

3. మిగతా రెండూ పెద్దవాడివే. మీరు చెప్పిన గుర్తులను బట్టి రెండు కుండలూ క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు కుండల చిత్రకారుడు ఎక్సేకియాస్ పనే. వాటికన్‌లో ఉన్న ఆట బొమ్మ కుండ మీద అకిలీస్ నోటి దగ్గర 'నాలుగు', ఏజాక్స్ నోటి దగ్గర 'మూడు' అని రాసి ఉంటుంది. ఆటలోనూ పాపం వెనకబడ్డాడు! ఫ్రాన్స్‌లోని బూలోన్ కుండ మీద వంగి కూర్చుని కత్తిని మట్టిలో నిలబెడుతుంటాడు. చచ్చిపడిన శవాన్ని కాకుండా ఆ ముందు క్షణాన్ని గీయడమే అసలు గొప్పతనం అంటాను.

4. ఆత్మహత్యకు కారణం కావాలంటే ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన 'ఏజాక్స్' చదవండి. చనిపోయిన అకిలీస్ ఆయుధాలు తనకు కాకుండా మరో గ్రీకు వీరుడు ఒడీసియస్‌కు దక్కడంతో మొదలైన గొడవ అది.