సెల్లార్ తవ్వి గదులు కట్టుకోవచ్చా? ముందు పొదుపు లెక్క చూడండి

ప్రశ్న: మాది డెబ్భై ఏళ్ళ నాటి ఇల్లు, మామగారి నుంచి వచ్చింది. కింద 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న సెల్లార్ ఉంది. నేల నుంచి దూలం దాకా ఎత్తు ఐదున్నర అడుగులే కావడంతో పాత సామాన్లు పెట్టుకోవడానికి తప్ప పనికిరావడం లేదు. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఆరు. చెరో గది కావాలి. సెల్లార్ నేల తవ్వి ఏడున్నర అడుగుల ఎత్తు తెస్తే రెండు గదులు, ఒక బాత్రూమ్ వస్తాయని కాంట్రాక్టర్ అంటున్నాడు. అతని కొటేషన్ మా ఇద్దరి 20 నెలల జీతంతో సమానం. మా పొదుపు 14 నెలల జీతమంత ఉంది. అందులోంచి 10 నెలలది తీసి, మిగతా 10 నెలలదీ పదేళ్ళ లోన్ తీసుకుందామని మావారి ఆలోచన. ఇంటి మీద పాత లోన్ ఇంకా నాలుగేళ్ళు ఉంది, దాని ఈఎంఐ మా ఆదాయంలో 22 శాతం. ఇంటి విలువ పెరుగుతుంది కాబట్టి పోయేదేమీ లేదని ఆయన అంటారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడు, ఈ లెక్కతో అయితే వద్దండి. ఆలోచన చెడ్డదని కాదు. పిల్లలకు గదులు కావాలి, ఉన్న ఇంట్లోనే చోటు దొరుకుతోంది, ఇల్లు మారే పని లేదు. ఇవన్నీ మంచి కారణాలే. కానీ మీ భయం కూడా సరైన చోటే ఉంది. ఆ భయం దేని గురించో అంకెల్లో చూపిస్తాను, మీవారితో కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

ఇంట్లో చేయించే మిగతా పనులకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. వంటగది బాగు చేయిస్తుంటే మధ్యలో డబ్బు అయిపోయిందనుకోండి, అల్మరాలు ఆర్నెల్లు ఆగి చేయించుకుంటారు. కాస్త ఇబ్బంది పడతారు, అంతే. పాత పునాది కింద మట్టి తీయడం మొదలుపెట్టాక అలా ఆగడం కుదరదు. ఇల్లంతా ఆ పునాది మీదే నిలబడి ఉంటుంది. ఒకసారి మొదలైతే ఎంత ఖర్చయినా పూర్తి చేయాల్సిందే, కాంట్రాక్టర్ ఎక్కువ అడిగినా బేరమాడే బలం మీకు ఉండదు. అందుకే ఈ పనికి అదనపు ఖర్చుల సొమ్ము ముందే చేతిలో ఉండాలి. అవసరమైతే అప్పుడు చూసుకుందాం అనే మాట ఇక్కడ పనిచేయదు.

అదనపు ఖర్చు ఎందుకు వస్తుందో పని ఎలా జరుగుతుందో చూస్తే తెలుస్తుంది. మీకు కావలసింది రెండు అడుగుల ఎత్తు. కానీ కొత్త నేల కింద కంకర, చెమ్మ రాకుండా షీటు, ఆపైన కాంక్రీటు స్లాబ్ వేయాలి. ఇవన్నీ కలిపితే తవ్వకం సుమారు మూడు అడుగులు అవుతుంది. 20 అడుగులు, 30 అడుగులు, మూడు అడుగుల లోతు అంటే 1,800 ఘనపుటడుగుల మట్టి. బరువు 80 నుంచి 90 టన్నుల దాకా ఉంటుంది. తవ్విన మట్టి వదులై ఇంకో పావు వంతు పెరుగుతుంది కాబట్టి లారీలకు ఎక్కేది 2,200 ఘనపుటడుగుల పైమాటే. యంత్రం లోపలికి పోయే దారి లేకపోతే అదంతా మనుషులు మోయాల్సిందే. కొటేషన్‌లో మట్టి తరలింపు ఉందా, ఎన్ని లోడ్లకు ఒప్పుకున్నాడు, మధ్యలో పెద్ద రాయి తగిలితే ఎవరి ఖర్చు? ఈ మూడూ కాగితం మీద ఉండాలి.

పునాది కింద పని ఇంకా నెమ్మదిగా సాగుతుంది. దీన్ని అండర్‌పిన్నింగ్ అంటారు. పాత గోడ కింద మూడు నాలుగు అడుగుల ముక్క మాత్రమే తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక పాత పునాదికీ కొత్తదానికీ మధ్య సందును గట్టి మోర్టారుతో కూరుతారు. ఆ తరవాతే పక్క ముక్క. ఒకదాని పక్కన ఒకటి ఒకేసారి తవ్వకూడదు. మీ సెల్లార్ చుట్టుకొలత 100 అడుగులు, నాలుగు అడుగుల ముక్కలైతే 25. వాటిని విడతలుగా చేయాలి. తొందరగా అయిపోతుందని ఎవరైనా అంటే నాకు సంతోషం కలగదు, భయం కలుగుతుంది. గోడ పక్కింటితో ఉమ్మడిదైతే వాళ్ళ అనుమతి, వాళ్ళ గోడకు పగుళ్ళు వస్తే ఎవరిది బాధ్యత అన్న ప్రశ్న కూడా ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే రెండిళ్ళ గోడలకు తేదీతో ఫోటోలు తీయించి పెట్టుకోవాలి.

ఇక నీళ్ళు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. తవ్వి కిందికి వెళ్ళేకొద్దీ ఊట నీటికి దగ్గరవుతాం. వానాకాలంలో స్లాబ్ అడుగు నుంచి ఒక్క అడుగు ఎత్తుకు నీరు చేరినా ప్రతి చదరపు అడుగు మీదా కింది నుంచి దాదాపు 28 కిలోల ఒత్తిడి పడుతుంది. నాలుగు అంగుళాల కాంక్రీటు స్లాబ్ బరువు చదరపు అడుగుకు 23 కిలోల లోపే. నీరు బయటకు పోయే ఏర్పాటు లేకపోతే స్లాబ్ పగలొచ్చు, పైకి లేవొచ్చు, ఏదో ఒక సందులోంచి నీరు లోపలికి రావొచ్చు. అందుకని నేల కింద నీటి పైపులు, ఒక మూల గుంట, అందులో పంపు, కరెంటు పోయినా పంపు ఆడేలా బ్యాకప్ కావాలి. ఇవి ఒకసారి పెట్టి మరిచిపోయే ఖర్చులు కావు. పంపు పాడవుతుంది, మార్చాలి. గాలిలో చెమ్మ తీసే యంత్రం కరెంటు తింటుంది. వీటికి ప్రతి ఏడాదీ ఎంత పెట్టాలో కొటేషన్ పక్కనే రాసుకోండి.

బాత్రూమ్ గురించి కూడా చెప్పాలి. మీ ఇంటి మురుగు పైపు సెల్లార్ కొత్త నేల కంటే పైన ఉంటే మురుగు తనంతట తాను బయటకు పోదు. దాన్ని ఎత్తిపోసే వేరే పంపు పెట్టాలి. అది ఆగిన రోజు బాత్రూమ్ వాడలేరు. కొటేషన్‌లో ఈ పంపు కనిపించకపోతే తరవాత తప్పకుండా బిల్లులో కనిపిస్తుంది. అలాగే అక్కడ పిల్లలు పడుకుంటారంటే ప్రతి గది నుంచీ నేరుగా బయటకు పోగల పెద్ద కిటికీ గానీ తలుపు గానీ కావాలి. మెట్ల దగ్గర మంట అంటుకుంటే వాళ్ళకు వేరే దారి ఉండదు. దానికి పునాది గోడ కోయాలి, బయట గుంట తవ్వి గోడ కట్టాలి. డబ్బు తగ్గించుకోవడానికి ఎక్కడైనా కోత పెట్టండి గానీ ఇక్కడ వద్దు. కొన్ని నేలల్లోంచి రేడాన్ అనే వాయువు వచ్చి నేల కింది గదుల్లో పేరుకుంటుంది. దానితో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పరీక్షకు పెద్ద ఖర్చు కాదు, చేయించండి.

ఖర్చు ఎక్కువని మీరు వెనకాడితే కాంట్రాక్టర్ ఇంకో దారి చెప్పొచ్చు. పునాది జోలికి పోకుండా గోడల వెంబడి మట్టిని అరుగులా వదిలేసి, మధ్యలో మాత్రం తవ్వే పద్ధతి. ఇది చవక, ప్రమాదమూ తక్కువే. కానీ ఆ అరుగు వెడల్పు తవ్విన లోతుకు ఇంచుమించు సమానంగా ఉండాల్సి వస్తుంది. మూడు అడుగుల లోతుకు నాలుగు వైపులా మూడేసి అడుగులు వదిలితే మీకు మిగిలేది 14 అడుగులు, 24 అడుగులు. 600 చదరపు అడుగులకు బదులు 336. కొటేషన్ మూడో వంతు తగ్గించి ఇచ్చినా, వాడుకునే అడుగు లెక్కన చూస్తే మొదటి పద్ధతి కంటే దాదాపు ఐదో వంతు ఎక్కువే పెడుతున్నట్టు. ఏ కొటేషన్ వచ్చినా మెట్లు, పంపు గుంట, అరుగులు తీసేసి, మంచం వేసుకోగల చోటుకు ఎంత పడుతోందో చూడండి. పైన ఒక గది వేయించుకుంటే ఎంతవుతుందో కూడా అదే కొలతతో అడగండి. పాత పునాది ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరే చెప్పాలి గానీ, వెలుతురు, గాలి మాత్రం అక్కడ ఉచితంగా వస్తాయి.

ఇప్పుడు మీ లెక్క. 10 నెలల జీతమంత లోన్, పదేళ్ళు, ఏటా 9 శాతం వడ్డీ అనుకుందాం. ఈఎంఐ మీ ఆదాయంలో 12.7 శాతం అవుతుంది. పాతదాంతో కలిపి 35 శాతం లోపే కాబట్టి కాగితం మీద బాగానే ఉంది. పొదుపులో 4 నెలలది మిగులుతుంది. ఇలాంటి పనికి నేను కొటేషన్‌లో పావు వంతు అదనంగా పక్కన పెట్టమంటాను, అంటే 5 నెలల జీతం. మీ దగ్గర మిగిలేది 4. అంటే అదనపు ఖర్చు నిజంగా వస్తే పొదుపు సున్నా అయిపోతుంది, ఇంకా ఒక నెల జీతం అప్పు చేయాలి. ఆ సమయంలో ఒకరి ఉద్యోగం పోయినా, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరినా ఏం చేస్తారు? పోనీ ఆ 5 కూడా లోన్ తీసుకుందామంటే ఈఎంఐ 19 శాతానికి చేరుతుంది, పాతదాంతో కలిపి 41. తవ్వి వదిలేసిన ఇంటి మీద కొత్త లోన్ ఇవ్వడానికి ఏ బ్యాంకూ తొందరపడదు కూడా.

మీవారు చెప్పిన విలువ మాటకొస్తే, ఇల్లు విలువ కట్టేవాళ్ళు చాలాచోట్ల నేల కింది చోటును పైఅంతస్తుతో సమానంగా చూడరు, తక్కువ కడతారు. అనుమతి లేకుండా కట్టిన గదినైతే అసలు లెక్కలోకే తీసుకోకపోవచ్చు. పైగా మీకు అమ్మే ఉద్దేశం లేదు. అమ్మని ఇంటి విలువ పెరిగితే ఈఎంఐ తగ్గదు. ఈ గదులు మీ పిల్లలు వాడుకోవడానికి చేసే ఖర్చు. ఆ పేరుతోనే పెట్టండి, పెట్టుబడి అనుకోవద్దు. ఖర్చు అనుకుంటే మీకు ఎంత భరించగలరో స్పష్టంగా కనిపిస్తుంది.

నా లెక్కలో మీరు పని మొదలుపెట్టే రోజున చేతిలో 21 నెలల జీతం ఉండాలి. పనికి 10, అదనపు ఖర్చులకు 5, అత్యవసరానికి 6. మిగతా 10 లోన్. ఇప్పుడు 14 ఉంది, తక్కువ 7. కట్టబోయే ఈఎంఐ 12.7 శాతాన్ని ఇవాళ్టి నుంచే ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. నాలుగేళ్ళలో 6 నెలల జీతం పైగా జమ అవుతుంది, దానికి వడ్డీ కలిస్తే 21కి చేరుకుంటారు. ఈలోపు కట్టడం ఖర్చులు పెరుగుతాయి, జీతాలూ పెరుగుతాయి. రూపాయల్లో కాకుండా నెలల జీతంలో లెక్క వేసింది అందుకే. ప్రతి ఏడాదీ కొత్త కొటేషన్ తీసుకుని ఇదే లెక్క మళ్ళీ వేయండి. అప్పటికి పాత లోన్ కూడా తీరిపోతుంది కాబట్టి కొత్త ఈఎంఐ ఒక్కటే ఉంటుంది. పాపకు అప్పుడు పదమూడేళ్ళు, తన గది నిజంగా కావలసిన వయసు. అంతవరకు పైన ఉన్న పెద్ద గదిని చెక్క గోడతో రెండు చేయడం కుదురుతుందేమో చూడండి. ఇంకో మంచి సంగతి, నెలనెలా ఆ 12.7 శాతం పక్కన పెట్టడం మీకు కష్టమైతే ఆ ఈఎంఐ కట్టడం కూడా కష్టమేనని అప్పు చేయకముందే తెలిసిపోతుంది.

ఈ నాలుగేళ్ళూ ఊరికే కూర్చోమనడం లేదు. ఇప్పుడే కొద్ది డబ్బు పెట్టి కాంట్రాక్టర్‌తో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. పునాది ఎంత లోతుందో, దేంతో కట్టారో రెండు మూడు చోట్ల గుంట తీయించి చూస్తారు. మట్టి పరీక్ష చేయించండి. ఊట నీరు ఏ లోతులో ఉందో ఎండాకాలంలో ఒకసారి, వానలు బాగా పడ్డాక ఒకసారి కొలిపించండి. మురుగు పైపు ఎత్తు చూపించండి. ఈ రిపోర్టుల ఖర్చు మొత్తం పనిలో చిన్న భాగమే. రేపు వద్దనుకున్నా అది వృథా కాదు, ఎంతో పెద్ద నష్టం తప్పించిన డబ్బు అవుతుంది.

పని మొదలుపెట్టే రోజు వస్తే, బీమా కంపెనీకి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి. పునాది పనుల వల్ల కలిగే నష్టం, నేలలోంచి వచ్చే నీటి నష్టం చాలా పాలసీల్లో ఉండవు. కాంట్రాక్టర్‌కు తన బీమా ఉందో లేదో కాగితం అడిగి చూడండి. అడ్వాన్స్ తక్కువ ఇచ్చి, మిగతాది పునాది ముక్కల ఒక్కో విడత పూర్తయి ఇంజనీరు సంతకం పెట్టాకే చెల్లించేలా ఒప్పందం రాయించుకోండి. చివరి పది శాతం మాత్రం ఒక వానాకాలం గడిచి, నేల పొడిగా ఉందని చూసుకున్నాకే ఇస్తామని అందులోనే రాయించండి. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టర్‌కు ఆ ఇంటి పునాది అప్పగించకండి.