పాత కీబోర్డు సంగతి తర్వాత, ముందు ఆ కార్డు బిల్లు చూద్దాం

ఈ వారం ప్రశ్న కొండాపూర్ నుంచి. 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ అబ్బాయి, పెళ్లయి ఏడాదిన్నర అయింది. మెయిల్ పెద్దది, కాస్త కుదించి పెడుతున్నా:

"సర్, చేతికి 82 వేలు వస్తాయి. అద్దె 22, ఇంటి ఖర్చులు 20, ఊళ్లో అమ్మానాన్నలకి 12, మ్యూచువల్ ఫండ్ సిప్ 8, చీటీ 5, ఫోన్ ఈఎంఐ నాలుగున్నర. ఎమర్జెన్సీకని సేవింగ్స్‌లో 70 వేలు ఉంచా. ఎప్పట్నించో పాత ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు కొనాలని కోరిక. ఈబేలో 1989లో తయారైంది ఒకటి దొరికింది, 140 డాలర్లు, ఇండియాకి పంపడానికి ఇంకో 45 అంటున్నాడు. డల్లాస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వస్తున్నాడు, ఆయనతో తెప్పించుకున్నా తెప్పించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కి కీబోర్డు ఉండగా ఇదేం పిచ్చి అంటోంది మా ఆవిడ. ఇలాంటివాటికి రేటు పెరుగుతుంది కదా సర్, ఇన్వెస్ట్‌మెంట్ అనుకోవచ్చా? కార్డు మీద తీసేసుకోనా? కార్డులో ఆల్రెడీ ఓ 31 వేలు ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నా, అదేం ప్రాబ్లం కాదు."

తమ్ముడూ, నువ్వు అంటున్నా ఏమనుకోకు, నీ వయసు పిల్లలున్నారు నాకు. మెయిల్ అంతా నవ్వుకుంటూ చదివా, ఆఖరి వాక్యం దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. రెండు పేజీలు కీబోర్డు గురించి రాసి కార్డు సంగతి ఒక్క ముక్కలో తోసేశావు. డాక్టర్ దగ్గరికెళ్లి మొటిమల గురించి గంట మాట్లాడి, లేస్తూ లేస్తూ "ఛాతీలో కొంచెం నొప్పి, అదేం లేదులెండి" అన్నట్టుంది.

ఒక్కసారి లెక్క వేద్దాం. బకాయి మీద కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకో, చాలా కార్డులకి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 31 వేల మీద 1,085 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది ఇంకో 195. అంటే నెలకి 1,280. బకాయి అలాగే కూర్చుంటే ఏడాదికి 15 వేల పైచిలుకు. ఇప్పుడు నీ కీబోర్డు రేటు చూసుకో. నువ్వు ఏడాదికో మోడల్ ఎం కొని బ్యాంకు వాడి చేతిలో పెడుతున్నావు, నీ టేబుల్ మీదకి మాత్రం ఒక్కటి కూడా రావట్లా.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, పాత బకాయి పూర్తిగా కట్టకుండా మినిమమ్‌తో నెట్టుకొస్తున్నప్పుడు కొత్తగా గీకినదానికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. కాబట్టి ఈ కార్డు మీద కీబోర్డు కొంటే అది ఇంటికొచ్చేలోపే దాని మీద వడ్డీ నడుస్తుంటుంది. పైగా డాలర్లలో కొంటే చాలా కార్డులు మూడున్నర శాతం దాకా ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కొన్నందుకు అదనపు చార్జీ, వేస్తాయి, దానికీ జీఎస్టీ. డాలరు 90 రూపాయలు అనుకుంటే 185 డాలర్లు అంటే 16,650, దీని మీద మార్కప్పే దాదాపు 690.

అందుకని ఈ రాత్రికే సేవింగ్స్‌లోంచి 31 వేలు తీసి కార్డు మొత్తం కట్టెయ్. యాప్‌లో బకాయి చూసుకుని ఈ నెల వడ్డీతో సహా కట్టు, అదేదో రెండు మూడు వందలు మిగిల్చావంటే మళ్లీ దాని మీద వడ్డీ పడుతుంది. ఎమర్జెన్సీ డబ్బు ముట్టుకోకూడదని నేనే పదిసార్లు రాసుంటా, కాదనను, కానీ రెండున్నర మూడు శాతం వచ్చే ఖాతాలో డబ్బు పెట్టుకుని నలభై శాతం పైన వడ్డీ కట్టడం ఎమర్జెన్సీ కాకపోతే ఇంకేంటి. మిగిలిన 39 వేలు అలాగే ఉంచు.

నీ లెక్క ప్రకారమే ఖర్చులన్నీ పోను నెలకి పదివేల అయిదొందలు మిగలాలి. అది ఎక్కడికి పోతోందో నువ్వు రాయలేదు, నేనూ అడగను, స్విగ్గీకి తెలుసు. దాంట్లో 7 వేలు ఎమర్జెన్సీ ఖాతాకి వెనక్కి పంపు, ఇప్పుడు జూన్, అక్టోబర్ ఆఖరికి తీసిన 31 వేలూ నిండిపోతాయి. నిండాక కూడా ఆపకు, 70 వేలంటే మీ ఇంటికి నెల ఖర్చు కూడా సరిగ్గా రాదు. ఇంకో 3 వేలు విడిగా ఆర్‌డీ వేసుకో, పేరు "కీబోర్డు" అనే పెట్టుకో, నవంబర్‌కి 18 వేలు అవుతుంది.

అంటే కొనొద్దు అనట్లేదు నేను. కొనుక్కో. నాకూ ఆ సరదా తెలుసు.

1996లో సికింద్రాబాద్‌లో నా మొదటి ఉద్యోగం డేటా ఎంట్రీ. టైప్ లోయర్, హయ్యర్ రెండూ పాసై వెళ్లా, అక్కడ ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లు, వాటి ముందు ఈ కీబోర్డులే. మీట నొక్కితే కింద ఉన్న స్ప్రింగ్ సగంలో ఒక్కసారి పక్కకి వంగిపోతుంది, టక్ మని వేలికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది, స్క్రీన్ చూడక్కర్లా. గదిలో పన్నెండు మందిమి కొడుతుంటే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుండేది. సూపర్‌వైజర్ తల ఎత్తకుండానే ఎవరు ఖాళీగా కూర్చున్నారో చెప్పేవాడు. మీ ఆవిడ మాట కూడా ఒకసారి ఆలోచించు అంటున్నది అందుకే, రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో కాల్‌లో ఉండి ఇది కొట్టావంటే పక్క ఫ్లాట్ వాళ్లు కూడా నీ కోడ్ రివ్యూ చేస్తారు.

ఇక ఇన్వెస్ట్‌మెంట్ అన్నావు చూడు, ఆ మాట మాత్రం ఇక్కడే వదిలెయ్. మోడల్ ఎం అనేది 1985లో మొదలై ఏళ్ల తరబడి లక్షల్లో తయారైన ఆఫీసు సామాను. 1991లో ఐబీఎం ఆ వ్యాపారాన్ని విడదీస్తే లెక్స్‌మార్క్ అయింది, 1996లో వాళ్లు మానేస్తే కెంటకీలో లెక్సింగ్టన్ ఊళ్లోనే యూనికాంప్ అని ఇంకొకళ్లు ఆ అచ్చులూ యంత్రాలూ తీసుకుని ఇప్పటికీ అదే స్ప్రింగ్ కీబోర్డు కొత్తగా చేసి అమ్ముతున్నారు, వంద డాలర్ల పైన పెడితే వస్తుంది, యూఎస్‌బీ వైరుతో సహా. కొత్తది అక్కడ దొరుకుతుంటే పాతదాని రేటు ఎంతకని ఎగురుతుంది చెప్పు. అరుదైనవి ఉంటాయి, బాగా మొదట్లో వచ్చిన వెండి రంగు చదరపు బిళ్లవి, ఫ్యాక్టరీల కోసం చేసిన ముదురు రంగువి, వాటికి వేరే లెక్క. నువ్వు చూసిన 1989ది అందరి దగ్గరా ఉండేదే. పైగా బంగారం అయితే వీధి చివర కొట్టులో పది నిమిషాల్లో డబ్బు చేతికొస్తుంది, దీన్ని హైదరాబాద్‌లో అమ్మాలంటే నీలాంటివాడు ఇంకొకడు దొరికేదాకా ఆగాలి. టాక్స్ గురించి కూడా అడుగుతావేమో, ఇంట్లో వాడుకునే ఇలాంటి సొంత వస్తువు అమ్మితే దాని లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, నగలకీ పెయింటింగులకీ మాత్రం ఉంటుంది. కానీ కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వ్యాపారం, లాభం ఆదాయంలో చూపించాలి.

ఇప్పుడు అసలు ఖర్చు. పార్సిల్లో తెప్పిస్తే వస్తువు ధరకి షిప్పింగూ ఇన్సూరెన్సూ కలిపి ఆ మొత్తం మీద కస్టమ్స్ డ్యూటీ, దాని పైన ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ), మళ్లీ కొరియర్ వాడి క్లియరెన్స్ చార్జీ, రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజు చూసుకోవాలి, కానీ 16 వేలనుకున్నది 20 వేలు దాటితే ఆశ్చర్యపోకు. బావతో అయితే అమ్మేవాడి దగ్గర్నించి డల్లాస్‌కి ఓ 20 డాలర్లు, మొత్తం 160, అంటే 14,400. బ్యాగేజీలో డ్యూటీ లేకుండా తెచ్చుకునే పరిమితిలో ఒక్క పాత కీబోర్డు హాయిగా ఇమిడిపోతుంది. అయితే అది రెండు కేజీల పైన బరువు, అట్టా బబుల్ షీటూ కలిపితే ఇంకా ఎక్కువ, సంక్రాంతికి వచ్చేవాడి సూట్‌కేసులో ఆ జాగా ఎవరి చాక్లెట్లు తీసేస్తే వస్తుందో మీ అక్కని ఇప్పుడే అడుగు. బావ డబ్బులొద్దంటాడు, అయినా ఇచ్చెయ్.

దీనికి ఇంకో 3 వేలు పక్కన పెట్టాలి, ఎందుకో చెప్తా. ఆ కీబోర్డు వైరు చివర పీఎస్/2 గుండ్రటి పిన్ను ఉంటుంది, దాన్ని యూఎస్‌బీలో పెట్టడానికి బజార్లో దొరికే చిన్న ఆకుపచ్చ, ఊదా మొనలు పనిచేయవు, లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి. ఆ కాలం వాటికి వైరు ఊడదీసేలా ఉంటుంది కాబట్టి కొందరు వైరు లేకుండానే అమ్మేస్తారు, ఫొటోలో వైరు కనిపించకపోతే అడుగు, విడిగా కొంటే మళ్లీ అదో ఖర్చు. ముఖ్యమైనది లోపలి ప్లాస్టిక్ రివెట్లు. ఇనప రేకునీ, మీటలుండే ప్లాస్టిక్ చట్రాన్నీ, మధ్యలో ఉండే పల్చటి మెంబ్రేన్‌నీ కలిపి పట్టుకునేవి కరిగించి నొక్కిన చిన్న చిన్న ప్లాస్టిక్ తలలు, ముప్ఫై అయిదేళ్లకి అవి పెళుసెక్కి ఒకటొకటిగా రాలిపోతాయి. కొన్ని పోతే తెలీదు, ఒకే చోట ఎక్కువ పోతే అక్కడ మీట మెత్తబడుతుంది, టక్ అనాల్సింది గుడుక్కుమంటుంది. బాగుచేయాలంటే మొత్తం విప్పి ఆ తలలు చెక్కేసి, రంధ్రాలు వేసి సన్న బోల్టులు బిగించాలి, ఒక ఆదివారం పూర్తిగా పోతుంది, చేయి వణికితే ఇంకో ఆదివారం.

అందుకే కొనేముందు అమ్మేవాణ్ణి రెండే అడుగు. వెనక లేబుల్ ఫొటో, దాని మీద పార్ట్ నంబరూ తయారైన తేదీ ఉంటాయి, 1391401 అని ఉంటే అమెరికా లేఅవుట్ మామూలు రకం. రెండోది, ప్రతి మీటా ఒకసారి నొక్కి, ఆఖర్న కీబోర్డుని చెవి దగ్గర పెట్టుకుని ఊపిన వీడియో. లోపల ఇసక రాలినట్టు గలగల వినిపిస్తే అవి రాలిపోయిన రివెట్ తలలు, రేటు తగ్గించమను, లేదా వదిలెయ్. నువ్వు పంపిన లిస్టింగ్‌లో "అన్‌టెస్టెడ్" అని ఉంది. ఆ మాటకి నా అనువాదం "టెస్ట్ చేశాం, పని చేయలేదు". బరువైంది కాబట్టి ప్యాకింగ్ సరిగ్గా లేకపోతే దారిలో కూడా విరుగుతాయి, అది కూడా చెప్పు. విండోస్ మీట ఉండదని తెలుసుగా, 101 మీటలే, అది పుట్టేనాటికి ఆ మీట ఇంకా పుట్టలేదు.

నవంబర్ దాకా ఆగలేనంటావా, ఒక పని చెయ్. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి వాడిన టీవీఎస్ గోల్డ్ ఉందేమో అడుగు, లేదంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతుకు. బ్యాంకుల్లో, డీటీపీ సెంటర్లలో మనవాళ్లు ఏళ్ల తరబడి బాదిన కీబోర్డు అది, చెర్రీ కంపెనీ నీలం స్విచ్‌లు ఉంటాయి. మోడల్ ఎం లాగా ఉండదు, తేలిగ్గా ఉంటుంది, శబ్దం వేరు, కానీ రోజుకి ఎనిమిది గంటలు టకటకలాడే కీబోర్డుతో నువ్వూ మీ ఆవిడా ఒకే రెండు గదుల ఇంట్లో బతకగలరా లేదా అన్నది కొద్దిపాటి డబ్బుతో తేలిపోతుంది. బతకలేరని తేలితే 18 వేలు మిగిలినట్టే.

ఒకటి మాత్రం నా అనుభవంతో చెప్పాలి. పదేళ్ల కింద నేను ఒక్కటంటే ఒక్క పాత హెచ్‌ఎంటీ వాచీ కొన్నా, మా నాన్నది పోయింది కదా అని. ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర, ఒరిజినల్ అన్నాడు, తెస్తే డయల్‌కి రంగేసి అక్షరాలు మళ్లీ అచ్చేశారు, "జనతా" అన్న మాట వంకరగా ఉంది. సరే ఇది పోయింది, అసలుది ఇంకోటి కొందాం అనుకున్నా. తర్వాత నల్ల డయల్‌ది. తర్వాత వాటికి పెట్టె, పెట్టెలో ఖాళీ గళ్లు కనిపిస్తుంటే వాటిల్లోకి ఇంకో నాలుగు. గోచీ కోసం పిల్లిని తెచ్చి, పిల్లి కోసం ఆవుని తెచ్చిన సన్యాసి కథే. ఇప్పుడు పదకొండు ఉన్నాయి, కట్టుకునేది ఒకటి, అది కూడా నెలకి రెండుసార్లు. కీబోర్డుల వాళ్లు నాకంటే ఏం తక్కువ కాదు, మోడల్ ఎం వచ్చాక దీనికంటే ముందు 1981లో వచ్చిన మోడల్ ఎఫ్ ఇంకా బాగుంటుందని ఎవడో చెప్తాడు, దాని రేటు దీనికి ఎన్ని రెట్లో చూసి నీకు ఈ మెయిల్ గుర్తొస్తుంది. అందుకని ఆ కీబోర్డు ఆర్‌డీని దీనికి మాత్రమే అనుకోకు, ఈ సరదా మొత్తానికి అదే హద్దు అనుకో. అందులో ఉన్నంతే, ఇంకోటి కావాలంటే మొదటిది అమ్మాలి.

సిప్ ఆపకు, చీటీ పాడకు, చెల్లించాల్సిన నెలలు ఎన్ని ఉన్నాయో నాకు వేరేగా రాయి, దాని గురించి నాకు కొన్ని అనుమానాలున్నాయి. మీ ఆవిడకి ఆ కార్డు 31 వేల సంగతి తెలుసా? మెయిల్లో రాయలేదు. తెలీకపోతే కీబోర్డు కంటే ముందు అది చెప్పు, కట్టేశాక రసీదు చూపిస్తూ చెప్తే ఇంకా మంచిది. ఆ లిస్టింగ్ ఈలోపు ఎవరైనా కొనేస్తారేమో అని బెంగపడకు, అలాంటివి ఈబేలో వారానికి బోలెడు వస్తాయి. నవంబర్ మూడో వారంలో నీకు నచ్చినదాని వెనక లేబుల్ ఫొటో, ఊపిన వీడియో నాకు పంపు, నేనూ వింటా.